పొరపాటులో పుట్టిన తెగువ: డెరింగ్-డూ కథ

ఇంగ్లిష్‌లో సాహసగాథల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఇష్టంగా వాడే పాత మాట ఒకటుంది: డెరింగ్-డూ. కోటగోడలెక్కే వీరులు, తుపానుకు ఎదురెళ్లే నావికులు, శత్రువుల చెర నుంచి తప్పించుకొచ్చే సైనికులు కనిపించినచోట 'డీడ్స్ ఆఫ్ డెరింగ్-డూ' అనే పదబంధం తరచుగా వినిపిస్తుంది. తెగువ, జంకు లేకుండా చేసే సాహసం అని దానికి అర్థం. వింటే, కవచాలు తొడుక్కున్న మధ్యయుగపు యోధులు రోజూ వాడుకున్న మాట అనిపిస్తుంది. నిజానికి అప్పట్లో అది ఒక మాటే కాదు. ఒక కావ్యంలో రెండు మామూలు క్రియలు పక్కపక్కన ఉన్నాయి. సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత మరో కవి ఆ రెంటినీ కలిపి ఒకే నామవాచకంగా చదువుకున్నాడు. ఆ తర్వాత 240 ఏళ్లకు ఒక నవలాకారుడు దాన్ని ఊరూరా తెలిసేలా చేశాడు.

ఈ పొరపాటు నిఘంటుకారులకు బాగా తెలిసినదే. అచ్చుతప్పు వల్ల మాట పుట్టిందని ముచ్చటగా చెప్పుకోవడమూ మామూలే. అయితే ఈ ప్రయాణంలో అంతకంటే ముఖ్యమైన మార్పు ఒకటి జరిగింది. మొదటి కావ్యంలో ఉన్నది 'చేయవలసినది చేయడానికి తెగించడం'. చివరికి మిగిలింది 'తెగింపు' మాత్రమే. దేనికోసం తెగించాలన్నది దారిలో జారిపోయింది.

కథ ఇంగ్లిష్ కవి జెఫ్రీ చాసర్‌తో మొదలవుతుంది. 1380లలో ఆయన రాసిన 'ట్రాయిలస్ అండ్ క్రిసైడ్' ట్రాయ్ యుద్ధం నడుస్తుండగా సాగే ప్రేమకావ్యం. ట్రాయిలస్ ట్రాయ్ రాజు ప్రయామ్ కొడుకు, హెక్టర్‌కు తమ్ముడు. ఐదో భాగంలో, అతని ప్రియురాలు క్రిసైడ్ గ్రీకుల శిబిరం చేరిన తర్వాత, చాసర్ కథ కాసేపు ఆపి ముగ్గురిని వర్ణిస్తాడు: గ్రీకు యోధుడు డయోమీడ్, క్రిసైడ్, చివరగా ట్రాయిలస్. ఈ మూడో వర్ణనలోనే 'డర్రింగ్ డాన్' అన్న రెండు మాటలు వస్తాయి. డర్రింగ్ అంటే తెగించడం, డాన్ అంటే చేయడం. వాటి వెంటే 'నైట్‌కు తగినది' అన్న మాటలు ఉంటాయి. నైట్ అంటే గుర్రమెక్కి పోరాడే యోధుడు. మొత్తం కలిపి చదివితే, ఒక యోధుడికి తగిన పని ఏదైతే ఉందో అది చేయడానికి తెగించడంలో ట్రాయిలస్ తన కాలంలో ఎవరికీ తీసిపోలేదని అర్థం.

ఆ వెంటనే వచ్చే మాటలు ఇంకా బాగుంటాయి. మహాకాయుడు ఎవడైనా బలంలో అతణ్ని మించిపోతే మించిపోవచ్చు గాని, తాను తలచినది చేయడానికి తెగించడంలో మాత్రం అతని గుండె అందరికన్నా మిన్న అయినవాళ్ల గుండెతో సమానంగా నిలుస్తుందంటాడు చాసర్. ఇక్కడా అవే రెండు క్రియలు. రెండుసార్లూ వాటికి కర్మ, అంటే ఏం చేయాలో చెప్పే మాట, ఉంది. మొదటిసారి అది యోధుడికి తగిన పని, రెండోసారి తాను తలచిన పని. కండబలం వేరు, గుండెబలం వేరు అని చూపాలనుకున్న కవికి ఆ కర్మ లేకపోతే పని జరగదు. ఒంట్లో బలం ఊరికే కూడా ఉంటుంది. తెగించడానికి ఎదురుగా ఒక పని ఉండాలి.

ఇదే కావ్యం చివర చాసర్ ఒక ప్రార్థన చేశాడు. ఇంగ్లిష్ మాటల్లోనూ రాతలోనూ ప్రాంతానికో తీరు ఉంది కాబట్టి తన పుస్తకాన్ని ఎవరూ తప్పుగా రాయకూడదని, ఛందస్సు చెడగొట్టకూడదని, ఎక్కడ చదివినా పాడినా అది అర్థం కావాలని దేవుణ్ని వేడుకున్నాడు. ఆడమ్ అనే రాతగాణ్ని మందలిస్తూ ఆయన పేరున ఒక చిన్న పద్యం కూడా ఉంది. 'ట్రాయిలస్'ను మళ్లీ రాయాల్సి వస్తే తాను రాసినట్టే రాయమని అందులో గట్టిగా చెబుతాడు. ఇంగ్లండ్‌లో కాక్స్‌టన్ అచ్చుయంత్రం పెట్టింది 1476లో. చాసర్ రోజుల్లో ప్రతి కాపీ చేత్తో రాసిందే. ఏ పుస్తకం తప్పుల పాలవుతుందేమోనని ఆయన అంత బెంగపెట్టుకున్నాడో, అదే పుస్తకంలోని మాటలు ఇలా దారి తప్పడం ఈ చరిత్రలో మనసుకు తగిలే సంగతి. అయితే ఆయన రాతగాళ్ల గురించి భయపడ్డాడు. ఇక్కడ దారి తప్పించింది వాళ్లొక్కళ్లే కాదు, భాషలో వచ్చిన మార్పు కూడా.

పాత ఇంగ్లిష్‌లో 'తెగించు' అన్న క్రియ ధాతురూపం డుర్రన్. వర్తమానంలో ఏకవచనానికి 'డెఅర్' లాంటి రూపం, భూతకాలంలో 'డోర్స్టె'. ఒకే క్రియలో అచ్చు మూడు రకాలుగా మారుతుంది. అందుకే చాసర్ కాలంలో డర్రింగ్, డోర్రింగ్ లాంటి రూపాలు తప్పేమీ కాదు. ఆ తర్వాత ఏకవచన రూపంలోని అచ్చు క్రియ మొత్తానికి పాకి, ఇప్పుడు అందరికీ తెలిసిన 'డేర్', 'డేరింగ్' స్థిరపడ్డాయి. దాంతో 'డోర్రింగ్' అని ఎక్కడైనా కనిపిస్తే అది 'డేరింగే' అని పాఠకుడికి తట్టే అవకాశం పోయింది. మరో చిక్కు కూడా ఉంది. ఈ క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే మధ్యలో 'టు' అక్కర్లేదు. చాసర్ 'డాన్' చివర ఉన్న 'న్' అది క్రియ అని చెప్పే గుర్తు. తర్వాతి తరాల్లో ఆ 'న్' రాలిపోయి 'డూ' మిగిలింది. అప్పుడు 'డోర్రింగ్ డూ' రెండు క్రియల్లా కాక ఒక జంటపదంలా కనిపించసాగింది.

ఈ రెండు చిక్కులూ జాన్ లిడ్గేట్ దగ్గర కలుసుకున్నాయి. ఆయన బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠంలో సన్యాసి, చాసర్‌ను గురువుగా కొలిచిన కవి. తర్వాత ఐదో హెన్రీ అయిన యువరాజు కోరిక మీద 1412లో 'ట్రాయ్ బుక్' మొదలుపెట్టి 1420లో ముగించాడు. ట్రాయిలస్ వర్ణన వచ్చేసరికి గురువు మాటల్నే ఎత్తుకున్నాడు, కాని వాటి కూర్పు మార్చాడు. 'డోర్రింగ్ డూ' తర్వాత వెంటనే రావలసిన కర్మ రాలేదు. దాని స్థానంలో 'ఈ ఘనుడు, ఈ యోగ్యుడు' అన్న పొగడ్త వచ్చింది. యోధుడికి తగినది నెరవేర్చడం అన్న మాట తర్వాతి పాదానికి జరిగిపోయింది. జాగ్రత్తగా చదివితే అర్థం ఇప్పటికీ తెలుస్తుంది. తొందరగా చదివేవాళ్లకు మాత్రం, ట్రాయిలస్ 'డోర్రింగ్ డూ' అనే ఏదో గుణంలో గొప్పవాడు అన్నట్టు వినిపిస్తుంది. 1513లోనూ 1555లోనూ ఈ కావ్యం అచ్చయినప్పుడు ఆ మాట 'డెర్రింగ్ డూ' అయింది. ఒక్క అచ్చక్షరం మారింది, అంతే. దానితో 'తెగించు' అన్న క్రియతో ఉన్న ఆఖరి పోలిక కూడా పోయింది.

దీన్ని అందుకున్నవాడు ఎడ్మండ్ స్పెన్సర్. ఆయన ఎందుకు అందుకున్నాడో తెలియాలంటే ఇంగ్లిష్‌లో ధైర్యానికి ఉన్న మాటలకు అప్పటికి ఏం జరిగిందో చూడాలి. 991లో ఎసెక్స్ తీరాన మాల్డన్ దగ్గర వైకింగులతో జరిగిన యుద్ధం మీద ఒక పాత ఇంగ్లిష్ కావ్యం మిగిలి ఉంది. నాయకుడు పడిపోయాక బిర్ట్‌వోల్డ్ అనే ముసలి యోధుడు మిగిలినవాళ్లతో, మన బలం తగ్గేకొద్దీ మన మనసు గట్టిపడాలి, గుండెకు పదును పెరగాలి, ధైర్యం హెచ్చాలి అంటాడు. అక్కడ ధైర్యానికి వాడిన మాటల్లో ఒకటి 'మోడ్', ఇంకొకటి 'కేనె'. మోడ్ ఇప్పుడు 'మూడ్' అయింది. 'మూడ్ బాగాలేదు' అని తెలుగులోనూ అనుకునే ఆ మూడే. దాని విశేషణం 'మోడిగ్' అంటే ధైర్యశాలి అని అర్థం. ఇప్పటి 'మూడీ' మనిషి ఆ ధైర్యశాలి వారసుడే! కేనె 'కీన్' అయి ఆసక్తికి దిగింది. వీరత్వానికి బాగా వాడుకలో ఉన్న 'ఎల్లెన్' అన్న మాట భాషలోంచి మొత్తంగా మాయమైంది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కరేజ్, వేలర్, హార్డీ లాంటి ఫ్రెంచి మాటలు వచ్చి ఆ స్థలాల్లో కూర్చున్నాయి. పాతవాటిలో 'బోల్డ్' నిలబడింది గాని దానికి సిగ్గులేనితనం అన్న నీడ కూడా పడింది. తెలుగు సినిమా వార్తల్లో 'బోల్డ్ సీన్' అంటే ఏమిటో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

16వ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లిష్‌లోకి లాటిన్, ఫ్రెంచి, ఇటాలియన్ మాటలు వరదలా వస్తున్నాయి. వాటిమీద పెద్ద తగవే నడిచింది. పండితుడు జాన్ చీక్ 1557లో రాసిన ఒక ఉత్తరంలో, మన భాషను అరువు మాటలతో కలగలపకుండా శుభ్రంగా రాసుకోవాలని వాదించాడు. స్పెన్సర్ ఆ పక్షాన నిలిచిన కవి. 1579లో ఆయన తన పేరు వేసుకోకుండా 'షెపర్డ్స్ క్యాలెండర్' అచ్చువేశాడు. నెలకొకటి చొప్పున పన్నెండు గోపగీతాలు. దానికి ఇ.కె. అనే పొడి అక్షరాలతో ఒకాయన ముందుమాట, పదాల అర్థాలు రాశాడు. చాలాకాలంగా వాడకం తప్పిన మంచి ఇంగ్లిష్ మాటల్ని ఈ కవి వాటి వారసత్వంలోకి తిరిగి తెచ్చాడని ఆ ముందుమాట మెచ్చుకుంటుంది.

అక్టోబర్ గీతంలో కడ్డీ అనే గొల్ల కవి, కవుల్ని పోషించే దొరలు లేరని వాపోతాడు. డెరింగ్-డూలో ఎవరు భయంకరులో వాళ్లు తమ మీద రాసిన ఉన్నతమైన కవిత్వాన్ని ఎప్పుడూ ప్రేమించారని అంటాడు. ఇ.కె. దానికి 'మగటిమి, వీరధర్మం' అని అర్థం రాశాడు. మాట పుట్టింది అక్కడే. లిడ్గేట్ అచ్చుప్రతిలోని రెండు క్రియలు ఒక గుణానికి పేరయ్యాయి. అర్థం పట్టికలోకి ఎక్కగానే దానికి నిఘంటువు ముద్ర పడినట్టయింది. అది తప్పని చెప్పగలిగినవాళ్లు అప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. స్పెన్సర్ వాడిన పాత భాష మాత్రం కొందరికి నచ్చలేదు. ఆ పుస్తకాన్ని అంకితం తీసుకున్న ఫిలిప్ సిడ్నీయే ఆ మోటు ప్రాచీన శైలిని ఒప్పుకోలేనని రాశాడు. పాతవాళ్లను అనుకరించబోయి స్పెన్సర్ ఏ భాషా కాని భాష రాశాడని నాటకకర్త బెన్ జాన్సన్ తేల్చేశాడు.

ఆ తీర్పు మరీ కఠినం. స్పెన్సర్ ఆ మాటను దాచిపెట్టుకోలేదు, పనిలో పెట్టాడు. 1590లోనూ 1596లోనూ వెలువడిన 'ఫెయిరీ క్వీన్'లో దాన్ని పలుమార్లు వాడాడు. దాన్నుంచి 'డెరింగ్-డూయర్స్' అని మనుషులకు పేరు కూడా చేశాడు. చాసర్‌ను 'కలుషితం కాని ఇంగ్లిష్ ఊట' అని పొగిడింది ఈ కావ్యంలోనే. అంత భక్తితో చదివినా తప్పు చదివాడన్నది నిజమే. కాని ఆ మాట ఆయన చేతిలో ఎలా పనిచేసిందో చూడాలి. రెండో భాగంలో పైరోక్లీస్ అనే కోపిష్టి యోధుడి గురించి అతని అనుచరుడు గొప్పగా చెబుతూ, డెరింగ్-డూకూ నెత్తుటి పనికీ అతనంటే లోకం హడలిపోతుందని, రక్తమూ దోపిడీయే అతనికి ఆనందమని అంటాడు. ఇక్కడ 'యోధుడికి తగినది' ఎక్కడా లేదు. కర్మ పోయిన క్రియ గుణమయ్యాక, ఆ గుణం మంచివాడికీ ఉండొచ్చు, ఇలాంటివాడికీ ఉండొచ్చు. ఇదే భాగంలో బ్రగ్గడోచియో అనే పిరికి గొప్పలరాయుడు కూడా ఉంటాడు. ఒట్టి డాంబికానికి ఇంగ్లిష్‌లో ఇప్పుడు వాడే 'బ్రగ్గడోషియో' అన్న మాట అతని పేరే. తెగువకు ఒక మాట, తెగువ ఉన్నట్టు నటించడానికి ఇంకో మాట ఒకే కవి చేతిలో రూపం తీసుకున్నాయి.

స్పెన్సర్ తర్వాత ఆ మాట చాలాకాలం పెద్దగా వినిపించలేదు. మళ్లీ లేపినవాడు వాల్టర్ స్కాట్, 1819 డిసెంబర్‌లో వచ్చిన 'ఇవాన్హో' నవలలో. కథ 12వ శతాబ్దం చివర జరుగుతుంది. టార్కిల్‌స్టన్ కోటను బయటివాళ్లు ముట్టడిస్తుంటారు. గాయాలతో లేవలేని ఇవాన్హో లోపల మంచం మీద ఉంటాడు. రెబెకా అనే యూదు యువతి కిటికీ దగ్గర నిలబడి, బాణాలు వచ్చి పడుతున్నా తప్పుకోకుండా, బయట జరుగుతున్న పోరును అతనికి చెబుతూ ఉంటుంది. నల్ల కవచం తొడుక్కున్న యోధుడొకడు గొడ్డలితో కోట తలుపుల్ని బద్దలు కొడుతున్నాడని ఆమె చెప్పగానే, ఇలాంటి డెరింగ్-డూ చేయగలవాళ్లు ఇద్దరున్నారంటే వింతే అని ఇవాన్హో తనలో తాను అనుకుంటాడు. ఆ నల్ల యోధుడు మారువేషంలో ఉన్న రిచర్డ్ రాజు. స్కాట్ అడుగున అర్థం కూడా ఇచ్చాడు: ప్రాణాలకు తెగించిన ధైర్యం. చాసర్‌కు రెండు వందల ఏళ్ల ముందటి మనిషి నోట, స్పెన్సర్ తప్పు చదివి చేసిన మాట! పాఠకులకు అదేమీ పట్టలేదు. నవల యూరప్, అమెరికాలంతటా చదివారు. స్కాట్‌ను అనుసరించి చారిత్రక నవలలు రాసినవాళ్లందరికీ ఆ మాట ఒక ముడిసరుకు అయిపోయింది.

స్కాట్ ఇచ్చిన అర్థంలోనూ 'దేనికోసం' అన్నది లేదు. అయినా ఆ ప్రశ్నను ఆయన వదిలిపెట్టలేదు. అదే అధ్యాయంలో రెబెకా దాన్ని నేరుగా అడుగుతుంది. ఇంత నెత్తురు కార్చి మీకు మిగిలేది ఏమిటి అంటే, కీర్తి అంటాడు ఇవాన్హో. సమాధి మీద తుప్పుపట్టి వేలాడే కవచం, దారినపోయేవాడికి చదివి చెప్పడం మఠంలోని సన్యాసికి కూడా సరిగా రాని రాతలు, ఇవేనా ఆ కీర్తి అని ఆమె నిలదీస్తుంది. వీరధర్మం లేకపోతే బలహీనులకు రక్ష ఏదని అతను వాదిస్తాడు గాని, ఆమె మాట అంత తేలిగ్గా కొట్టుకుపోదు. కొన్ని అధ్యాయాల ముందు ఇదే రెబెకా, తనను చెరపట్టాలనుకున్న బ్వా-గిల్బర్ అనే యోధుడు అడుగు ముందుకేస్తే దూకేస్తానని కోటగోడ అంచున నిలబడి అతణ్ని ఆపింది. చాసర్ పాదం చెప్పే తెగువ, ఎదురుగా ఒక కచ్చితమైన విషయం ఉన్న తెగువ, ఈ నవలలో గొడ్డలి పట్టిన రాజు కంటే ఆ గోడ మీది అమ్మాయిలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

19వ శతాబ్దం చివర పండితులు లెక్క తేల్చారు. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు వాల్టర్ స్కీట్ 1886లో ఫిలలాజికల్ సొసైటీ అనే భాషా పండితుల సంఘం ముందు ప్రసంగిస్తూ, అచ్చుతప్పుల వల్లో తప్పు చదవడం వల్లో నిఘంటువుల్లోకి చొరబడే మాటలకు 'దెయ్యం పదాలు' అని పేరు పెట్టాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి స్కాట్ రాసిన 'ది మొనాస్టరీ' నవలలోదే. 'నర్స్' అని ఉండాల్సిన చోట 'మోర్స్' అని పడితే, దానికి లాటిన్‌లో మూలం ఇదీ, ఫ్రెంచిలో మూలం ఇదీ అని పాఠకులు పోటీపడి వివరించారట. డెరింగ్-డూ పూర్తిగా అలాంటిది కాదు. దెయ్యం పదానికి వెనక ఏమీ ఉండదు. దీని వెనక ఇంగ్లిష్‌లోని అతి పాత క్రియల్లో రెండు ఉన్నాయి. జేమ్స్ మర్రే సంపాదకత్వంలో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చాసర్ నుంచి స్కాట్ దాకా ఒక్కొక్క మెట్టూ చూపించి, దీనికి 'నకిలీ ప్రాచీన పదం' అని ముద్ర వేసింది. చరిత్రగా అది సరైన మాటే. కాని 1579 నుంచి లెక్కవేస్తే ఇది నిజంగానే ప్రాచీనమైపోయింది. నాలుగున్నర శతాబ్దాలు వాడుకలో ఉన్న మాటను నకిలీ అనడంలో కొంత అన్యాయం ఉంది.

ఈ క్రియకు తెలుగు పాఠకులకు దగ్గరి చుట్టరికం ఒకటుంది. 'డేర్'కూ సంస్కృతంలోని 'ధృష్' ధాతువుకూ ఇండో-యూరోపియన్ మూలం ఒకటే. ధృష్టుడు, ధార్ష్ట్యం, దుర్ధర్షుడు అన్నీ అక్కడివే. రుగ్వేదంలో ఇంద్రుణ్ని ధృష్ణు అని పొగుడుతారు, అంటే తెగువగలవాడు. అలంకారశాస్త్రానికి వచ్చేసరికి ధృష్టుడు అంటే తప్పు చేసి పట్టుబడి కూడా సిగ్గుపడని ప్రియుడు. ధార్ష్ట్యం తెలుగులో పొగడ్తగా ఎవరూ వాడరు. ఆ ధాతువుకు పాణినీయ ధాతుపాఠం చెప్పిన అర్థం 'ప్రాగల్భ్యం', అంటే నిబ్బరం, జంకులేనితనం. దాని సోదరమాట 'ప్రగల్భాలు' తెలుగులో ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. గ్రీకులోనూ ఇదే కథ. అదే మూలం నుంచి వచ్చిన 'థార్సోస్' ధైర్యానికి, 'థ్రాసోస్' ఎక్కువగా దుడుకుతనానికి నిలిచాయి. పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ఉండేదే శౌర్యమని చెప్పిన అరిస్టాటిల్, ఆ దుడుకువాడికి వాడిన పేరు ఈ ధాతువు నుంచి వచ్చిందే.

మూడు భాషల్లో ఒకే ధాతువు ఇలా రెండు వైపులా ఒరగడం కాకతాళీయంలా లేదు. తెగింపుకు ఎదురుగా ఉన్న పనిని తీసేస్తే, అది శౌర్యమో పొగరో చెప్పడానికి ఆధారం మిగలదు. తెలుగులోని 'తెగువ' వేరే కుటుంబం మాట, తెగు అన్న క్రియ నుంచి వచ్చింది. దాని దారీ ఇదే. 'ధైర్యే సాహసే లక్ష్మి' అని ఒక పక్క అంటూనే, 'తెగించినవాడికి తెడ్డే లింగం' అని మరో పక్క అనుకుంటాం. మహాభారతంలో ఈ ధాతువునే పేరులో పెట్టుకున్న ధృష్టద్యుమ్నుడు, అస్త్రాలు వదిలేసి యోగంలో కూర్చున్న ద్రోణుడి తల నరికాడు. అందుకోసమే అగ్నిలోంచి పుట్టినవాడు అతను. అయినా ఆ పని చూసి అర్జునుడు కుమిలిపోయాడు, సాత్యకి అతనితో కలబడేదాకా వెళ్లాడు. అది తెగువ కాదని వాళ్లెవరూ అనలేదు. చేసిన పని ఎలాంటిదన్నదే గొడవ.

ఇప్పటి ఇంగ్లిష్‌లో డెరింగ్-డూ ఎక్కువగా సినిమా సమీక్షల్లో, సాహస నవలల వెనక అట్టల మీద, పర్వతారోహకుల మీద రాసే వ్యాసాల్లో కనిపిస్తుంది. కొంచెం పాతకాలపు సరదా దానికి అంటుకుంది. నిజమైన యుద్ధం గురించి, చావుల గురించి రాసేటప్పుడు జాగ్రత్తగల రచయితలు దాన్ని వాడరు. కొందరు దాన్ని 'డేరింగ్-డూ' అని రాస్తుంటారు. ఎడిటర్లు అది తప్పని దిద్దుతారు. స్పెన్సర్ నుంచి వచ్చిన ఆచారం ప్రకారం అది తప్పే, చాసర్ రాసినదానికి మాత్రం ఆ తప్పే ఎక్కువ దగ్గర. చాసర్ చెప్పిన అర్థమే కావాలనుకునేవాళ్లకు 'డేర్ టు డూ' అన్న మామూలు క్రియలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి వెనక ఆ పని ఏమిటో చెప్పకపోతే ఇంగ్లిష్‌లో వాక్యం పూర్తి కాదు.